బేసరి పెట్టిన పలక

కళ్యాణదుర్గంలో బట్టల అంగడి రామకృష్ణయ్య ఇంట్లో ప్రతి పొద్దూ ఒక తంతు నడిచేది. కోడలు పద్మావతమ్మ స్నానం చేసి, పొయ్యి అలికి, నిప్పు రాజేసి, వంటింటి గడప పక్కన పీట మీద కూర్చున్న అత్తగారి ముందు నిలబడి అడగాలి.

"ఈ పొద్దు ఏమి వండల్లత్తా?"

అడగ్గానే చెప్పేస్తే అత్తగారు రత్నమ్మ పెద్దరికం ఏమైపోవాలి? ఆమె వక్క నమిలేది. కొంగు సర్దుకునేది. కుడిముక్కుకు వేలాడే బేసరిని ఒకసారి వేలితో తిప్పుకునేది. ఎర్రరాళ్ల బేసరి అది, అడుగున చిన్న ముత్యం. ఆ వీధిలో ఇంకెవరి ముక్కుకూ అలాంటిది లేదు. ఆమె మాట్లాడేటప్పుడు ఆ ముత్యం పైపెదవి మీద ఆడుతూ ఉండేది. కోడలు అంతసేపూ నిలబడే ఉండాలి. చివరికి, రాజ్యం రాసిచ్చినట్టు మొగం పెట్టి, "కందిబ్యాళ్ల పప్పు పెట్టు" అనేది. నిన్నా అదే చెప్పింది. మొన్నా అదే చెప్పింది. దానికి ఇంత ఆలోచన ఎందుకో ఆ ఇంటి దేవుళ్లకే తెలియాలి.

తర్వాత నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి, కొట్టుగది తెరిచి, బ్యాళ్లు తన గుప్పెటతోనే తీసిచ్చేది. ఉప్పు, కారం, చింతపండు అన్నీ ఆ గుప్పెట కొలతే. పద్మావతమ్మకు మిగిలింది ఊదుగొట్టం, గరిటె, పొగ.

పద్మావతమ్మది పామిడి. ఎనిమిదో తరగతి చదివింది. పదహారేళ్లకు ఈ ఇంటికొచ్చి, ఒక మగపిల్లవాణ్ణి కని, పన్నెండేళ్లుగా వండుతూనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా ఆ ఇంట్లో ఏం వండాలో ఆమె అనుకుని వండింది లేదు. ఆమె నగలు అడగలేదు, వేరు కాపురం అడగలేదు. ఒక్కపూట తనకు తోచింది తాను వండితే చాలనుకుంది. బయటికి చెప్తే నవ్వుతారని చెప్పలేదు. మనసులో మాత్రం ఆ కోరిక ముల్లులా గుచ్చుకుని ఉండేది.

ఇక ఆమె మొగుడు మల్లికార్జునయ్య. ధర్మవరం పట్టుచీరెను బొటనవేలితో నలిపి మగ్గం ఏ వీధిదో చెప్పగల మనిషి. తన ఇంట్లో ఎవరు ఎవరిని నలుపుతున్నారో మాత్రం ఆయనకు ఎప్పుడూ అంతుపట్టలేదు. అమ్మ పీట మీద కూర్చుంది, భార్య పొయ్యి ముందు కూర్చుంది, కంచంలో పప్పు ఉంది, ఇంకేం కావాలి? డెబ్భై నాలుగులో ఒకసారి సరుకుకు బెంగళూరు పోయి, అక్కడ రోడ్డు పక్కన పరిచిన పుస్తకాల్లోంచి ఒక తెలుగు వంటల పుస్తకం కొనుక్కొచ్చినాడు. భార్య మీద ప్రేమతో తెచ్చినాడని ఎవరైనా అనుకుంటే పొరపాటే. అట్ట మీద బొమ్మలో ఉన్న ఆడమనిషి కట్టుకున్న చీరె అంచు ఆయనకు నచ్చింది. అలాంటి అంచు నేయించవచ్చా అని నేతగాళ్లకు చూపించి, కాదనిపించుకుని, ఇంటికి తెచ్చి భార్య చేతిలో పడేసినాడు.

ఆ పుస్తకం రాసినావిడ ఎవరో కోస్తా మనిషి. ఆమెకు పెరట్లో అరటితోట, గుమ్మంలో కాలువ ఉన్నట్టున్నాయి. ప్రతి పేజీలోనూ నీళ్లే. బియ్యం నాలుగు నీళ్లలో కడగండి, గంజి వార్చి పారబోయండి, ఆకుకూరను నిండు గంగాళంలో జాడించండి అని హాయిగా రాసుకుంటూ పోయింది. ఆ ఏడు కళ్యాణదుర్గంలో చేదబావుల్లో బొక్కెన వేస్తే రాయి చప్పుడు వచ్చేది. బోరింగు దగ్గర బిందెలు వరసపెట్టి ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు. రత్నమ్మకు ఆ పుస్తకం మంచి కాలక్షేపమైంది.

"చదువు, చదువు. ఆ నీళ్లది మళ్లీ చదువు" అని కోడలి చేత చదివించుకుని పగలబడి నవ్వేది. "ఏ ఊరే ఆ మహాతల్లిది? పెన్నేరు వాళ్లింట్లో నుంచే పోతాందేమో! ఒగ కూర వండేదానికి ఎనుమును కడిగినట్ట కడగల్లనా?"

నవ్వితే నవ్వింది. పద్మావతమ్మ మాత్రం ఆ పుస్తకాన్ని వదల్లేదు. అందులో నీళ్లు తక్కువ పట్టేవి ఏవున్నాయో వెతికి, అరటికాయ ఆవపెట్టిన కూర దగ్గర ఆగింది. అరటికాయలు సంతలో దొరుకుతాయి, ఆవాలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి. అత్త చెప్పిందని కాకుండా, పుస్తకంలో ఉందని వండొచ్చు. పుస్తకం తెచ్చింది కొడుకు కాబట్టి అత్త కాదనలేదు. ఇదీ ఆమె లెక్క.

ఒకరోజు పుస్తకాన్ని వంటింట్లోకి తీసుకుపోయి, చింతపండు జాడీకి ఆనించి పెట్టింది. పేజీ నిలబడలేదు. అటు తిరిగి ఆవాలు తీసేలోపల పుస్తకం జారి బ్యాళ్లు కడిగిన నీళ్లలో పడింది.

రత్నమ్మ పీట మీంచి లేచిన వేగం చూస్తే ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయంటే ఎవరూ నమ్మరు.

"ఏమే, సరస్వతిని తీసుకొచ్చి కాళ్ల కాడ పెడతావా? బుద్ధుండాదా నీకు? పుస్తకాన్ని పీఠం మీద పెట్టల్ల గానీ నేల మీద పెడతారా?"

అంత వరకూ ఆ పుస్తకాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్విన మనిషి, ఇప్పుడు దాన్ని తన కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుని, నేరుగా పూజగదిలోకి నడిచింది. అక్కడ రామాయణం చదివేటప్పుడు వాడే వ్యాసపీఠం ఉంది, రెండు చెక్కలు కత్తెరలా అడ్డంగా విచ్చుకునేది. దాని మీద వంటల పుస్తకాన్ని కూర్చోబెట్టింది. అట్ట మీది ఆడమనిషికి కుంకుమ పెట్టింది. రెండు కనకాంబరాలు కూడా పెట్టింది.

"ఇంగ స్నానం చేసి మడిబట్ట కట్టుకుంటేనే దీన్ని ముట్టల్ల. అంటుచేతుల్తో తాకితే కళ్లు పోతాయి" అని తీర్పు చెప్పింది.

అంటుచేతులతో తాకకూడదంటే వంట చేస్తూ తాకకూడదనే. వంటంతా అయిపోయాక ఆ పుస్తకం దేనికి? వద్దని ఒక్క మాట అనకుండా, కొడుకు మనసు నొప్పించకుండా, పుస్తకానికి దండం పెట్టి మరీ దాని పని పట్టింది రత్నమ్మ. ఇంత తెలివి ఉన్న మనిషి ఆ తెలివిని ఒక కోడలి మీద, ఒక అరటికాయ మీద ఖర్చు పెట్టుకుందంటే ఏమనాలి?

ఇక ఆ పుస్తకానికి వైభోగమే వైభోగం. సాయంత్రం దీపం దాని ముందే. పక్కింటి భద్రమ్మ తన కొడుకు పరీక్షకు పోయే ముందు వాణ్ణి తీసుకొచ్చి పుస్తకానికి మొక్కించింది. లోపల కాకరకాయ వేపుడు, గుమ్మడికాయ దప్పళం ఉన్నాయని ఒక్కరూ తెరిచి చూడలేదు. ఆ పిల్లవాడు తప్పినాడు. అది వేరే సంగతి. మల్లికార్జునయ్య అయితే అంగడికి వచ్చిన ప్రతి మనిషితో, "మా అమ్మ మనసు చూడప్పా, నేను తెచ్చిన పుస్తకానికి పూజ చేస్తాంది" అని మురిసిపోయేవాడు.

పద్మావతమ్మ పళ్లు కొరుక్కుంది. కోపంతో రెండు రోజులు అన్నం సహించలేదు ఆమెకు. పొద్దున్నే మళ్లీ పోయి ఆ పీట ముందు నిలబడి, "ఏమి వండల్లత్తా?" అని అడగక తప్పేది కాదు.

ఉగాదికి అంగడిలో కొత్త సరుకు దింపినప్పుడు ఆమెకు దారి కనబడింది. ఇంటి ఆడవాళ్లు ముందుగా పోయి చీరెలు చూసుకోవడం ఆ ఇంటి రివాజు. అంగడి ముందర పట్టుచీరెలు పరిచి చూపించే పలక ఒకటుంది. ఏటవాలుగా నిలబడి, చీరె జారకుండా కింద అంచుకట్టు ఉంటుంది. ఎంత ఖరీదైన చీరె పెట్టినా ఆ పలకకు ఎవరూ దండం పెట్టరు. గుమాస్తా తిప్పయ్య దాని మీద మోచెయ్యి ఆనించి బీడీ కూడా తాగుతాడు. పద్మావతమ్మ చీరెలు చూడటం మానేసి ఆ పలకనే చూస్తూ నిలబడింది.

అనంతపురం రోడ్డులో లారీలకు చెక్కబాడీలు కట్టే ఎర్రిస్వామి షెడ్డు ఉంది. చెక్కపనీ అతనిదే, రంగుల పనీ అతనిదే. పద్మావతమ్మ సంతకు పోయే నెపంతో అక్కడికి పోయి, తనకేం కావాలో చెప్పింది.

"పుస్తకం పెట్టేదంటే వ్యాసపీఠమే గదమ్మా. బ్రహ్మాండంగా చేసిస్తా. శంఖు చక్రాలు కూడా చెక్కుతా" అన్నాడు ఎర్రిస్వామి.

"శంఖు చక్రాలు పెడితే నా కొంప మునుగుతాదప్పా. దండం పెట్టేట్టు ఉండకూడదు. చీరెలంగట్లో పలక మాదిరి చెయ్యి. ఏటవాలుగా ఉండల్ల, కింద అంచు ఉండల్ల, వెనక మడిచే కాళ్లు ఉండల్ల."

ఎర్రిస్వామి ఆమె మొగం వైపు అనుమానంగా చూసినాడు. దండం పెట్టకుండా ఉండేలా చెయ్యమని అడిగిన మనిషి అతనికి అంతవరకూ తగల్లేదు. లారీలకు కూడా దండం పెట్టే ఊరది.

సరే, లారీకి మిగిలిన చెక్క ఒకటి తీసి చిత్రిక పట్టినాడు. పుస్తకం వెడల్పుకు రెండు వేళ్లు ఎక్కువ పెట్టి కోసినాడు. కింద బొటనవేలంత అంచు కొట్టి, వెనకాల రెండు కాళ్లకు బందులు బిగించినాడు. పేజీలు ఎగరకుండా రెండు వైపులా తిరిగే చెక్కముక్కలు పెట్టినాడు. పద్మావతమ్మ ఇంకొకటి అడిగింది. పలక పక్కన ఒక సన్నపుల్ల దారంతో కట్టి వేలాడదీయాలి. పేజీ తిప్పడానికి ఆ పుల్ల. అంటుచేతులతో తాకితే కదా కళ్లు పోయేది? పుల్లకు కళ్లు లేవు.

మళ్లీ పోయేసరికి ముందుపక్క రంగులు ఆరుతున్నాయి. లారీ రంగులే. ఎర్రటి నేల, పసుప్పచ్చ అంచు, అటొక చిలక, ఇటొక చిలక, పైన తామరపువ్వు. ఆ చిలకలు లారీల మీద తిరిగి తిరిగి బలిసినట్టు ఉన్నాయి. వంటింటికి ఆ మాత్రం చాలు.

"వెనకపక్క ఏమెయ్యల్లమ్మా?" అని అడిగినాడు ఎర్రిస్వామి.

పద్మావతమ్మ వంటింటిని కళ్ల ముందుకు తెచ్చుకుంది. పొయ్యికి కుడివైపున పలక పెడితే, బొమ్మల వైపు తనకు. వెనకవైపు గడపకు. గడప పక్కన పీట. పీట మీద అత్త.

"దిష్టి మొగం వెయ్యి" అంది. "గుడ్లు మిటకరించి ఉండల్ల. నాలుక ఇంత పొడుగు బయటికి రావల్ల."

"మీసాలు?"

"మీసాలొద్దు. ముక్కుకు బేసరి పెట్టు. కుడిపక్క."

ఎర్రిస్వామి కుంచె గాల్లో ఆగిపోయింది. దిష్టి మొగానికి బేసరి ఎవరూ పెట్టించుకోరు. ఊరు చిన్నది, బేసరి ఉన్న ముక్కు ఎవరిదో అతనికి తెలుసు. ఎప్పుడో ఎండాకాలంలో ఆ ఇంటి తలుపులు సరిచేయడానికి పోతే, రత్నమ్మ అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపింది. అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నవ్వు దాచుకోలేక అటు తిరిగి, ఎర్రరంగు డబ్బా మూత తీసినాడు. ఆ బేసరి ఉందే, దాన్ని అతను ఏ లారీ యజమానికీ చేయనంత శ్రద్ధగా వేసినాడు. రాళ్లు విడివిడిగా చుక్కలు పెట్టి, చివర తెల్లరంగుతో ముత్యం దించినాడు.

శుక్రవారం పొద్దున పద్మావతమ్మ ఆ పలకకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి వంటింట్లో నిలబెట్టింది. తడిబట్ట కట్టుకుని పూజగదిలోకి పోయి, పుస్తకానికి అత్త కంటే గట్టిగా దండం పెట్టి, తెచ్చి పలక మీద పెట్టింది.

"మీరే చెప్పినారు కదత్తా, పుస్తకాన్ని పీఠం మీద పెట్టల్లని. ఇది వంటింటి పీఠం. చేత్తో తాకను, పుల్లతో తిప్పుకుంటా. వెనకాల మన వంటకు దిష్టి తగలకుండా మొగం వేపిచ్చినా. నిమ్మకాయ కట్టేసినా. ఇంగ దీన్ని ఈన్నించి తీసినోళ్లకు ఆ దిష్టంతా తగులుకుంటాదంట."

ఇంట్లోంచి దిష్టిబొమ్మ తీసే ధైర్యం రత్నమ్మకు లేదని ఆమెకు తెలుసు. పిల్లి ఎదురొస్తే గంటసేపు గుమ్మంలో కూర్చునే మనిషి ఆమె.

రత్నమ్మ పీట మీద కూర్చుని ఆ మొగాన్ని చూసింది. గుడ్లు చూసింది, నాలుక చూసింది, బేసరి దగ్గరికొచ్చి ఆగింది. ఆమె వేలు తన ముక్కు మీదికి పోయి, మధ్యలోనే కిందికి దిగింది. పద్మావతమ్మ ఓరగా చూస్తోంది. అరుస్తుందని, ఏడుస్తుందని, కొడుకును పిలుస్తుందని అనుకుంది. అలా జరిగితే ఆమెకు పండగే.

"బేసరి బాగా కుదిరిందిలే" అంది రత్నమ్మ తీరిగ్గా. "నాలుక మాత్రం నాది కాదు."

ఆ మాటకు పద్మావతమ్మ చెవులు మండినాయి. అయినా పొయ్యి తనది, పుస్తకం తనది. ఆ పొద్దు ఆమె అత్త ముందు నిలబడి ఏమీ అడగలేదు. పుల్లతో పేజీ తిప్పి, అరటికాయలు చెక్కు తీసి, ఆవాలు నూరింది.

కూర ఎలా కుదిరిందంటే, చెప్పుకోవడానికి సిగ్గు. ఆవ ఎక్కువై ముక్కుల్లోకి ఎక్కింది. "ఇది కీళ్లనొప్పులకు పట్టు వేసేది కదా, దీన్ని కూరలో వేస్తారా?" అని రత్నమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. మల్లికార్జునయ్య తుమ్ముతూ తిన్నాడు. పెద్దాయన రామకృష్ణయ్య మాత్రం రెండోసారి వడ్డించమన్నాడు. ఆయనకు అప్పటికే రుచి తెలియడం లేదని అందరికీ తెలిసిందే, అయినా పద్మావతమ్మ ఆ రెండో వడ్డనను చాలా ఏళ్లు చెప్పుకుంది. ఆ పూట మిగిలిన కూరను ఒక్కతే కూర్చుని గిన్నె నాకేసింది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఆవ వల్ల కొంత, సంతోషం వల్ల కొంత.

అప్పటినుంచి ఆ వంటింట్లో వారానికి ఒకపూట పుస్తకం వంట జరిగేది. ఆ సాకు పెట్టుకుని వీధిలో ఆడవాళ్లు పలక చూడటానికి వచ్చేవాళ్లు. వెనకవైపు తొంగిచూసి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తేవాళ్లు. రత్నమ్మ వాళ్ల ముందు కూడా పీట జరుపుకోలేదు. ఆ మొగానికి ఎదురుగానే కూర్చుని, వక్క నమిలింది. పంతం అంటే అది.

ఎనభై ఒకటిలో రత్నమ్మ మంచాన పడింది. పోయే ముందురోజు కోడల్ని దగ్గరికి పిలిచి, బేసరి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో అది అత్త నుంచి కోడలికి రావాల్సిందే. అది రివాజు.

"పెట్టుకో. నీకు బాగుంటాది" అని, ఉన్న రెండు పళ్లతో నవ్వింది. ఎందుకు నవ్విందో పద్మావతమ్మ పట్టించుకోలేదు. చావు దగ్గరపడ్డ మనిషి నవ్వుకు అర్థాలు వెతికే తీరిక ఆమెకు లేదు. కొట్టుగది తాళంచెవి ఎక్కడుందా అని ఆమె చూపు తలగడ కిందికి పోతోంది.

తాళంచెవి దొరికింది. ఇక వంటిల్లు మొత్తం ఆమెదే. ఎవర్నీ అడగక్కరలేదు. తోచింది వండొచ్చు. మరి ఆమెకు ఏం తోచింది? ఏమీ తోచలేదు. ఇన్నేళ్లూ అత్తను అడిగిన మనిషి ఇప్పుడు పుస్తకాన్ని అడగటం మొదలుపెట్టింది. పుస్తకంలో ఒక చెంచా అంటే ఒక చెంచానే. అరకొబ్బరిచిప్ప అంటే అరచిప్పే. కళ్యాణదుర్గంలో ఊరుబిండి పచ్చడి ఎలా నూరాలో పసిపిల్లలకు కూడా తెలుసు. దానికి కూడా ఆమె పుస్తకం తిరగేసి, అందులో లేదని నొచ్చుకునేది. పామిడిలో తల్లి దగ్గర నేర్చుకున్న కొర్రల పులగం పుస్తకంలో లేదు కాబట్టి వండటమే మానేసింది. ఇంత పోరాడి ఏం సంపాదించుకుందంటే ఇంకొక అత్తను. ఈ అత్తకు చావు కూడా లేదు.

ఎనభై ఎనిమిదిలో ఆమె కొడుకు పెళ్లయింది. కోడలు వాసవి హిందూపురం పిల్ల. ఇంటర్ చదివింది. నవ్వుమొగం. అప్పటికి వంటింట్లో గ్యాసుపొయ్యి వచ్చింది, కడప బండల కట్ట వచ్చింది. పలక కట్ట మీదికి ఎక్కింది, అంతే తేడా. చిలకల వైపు వండే మనిషికి, దిష్టి మొగం గడప వైపుకు. పద్మావతమ్మకు మోకాళ్లు పట్టేసినాయి. కింద కూర్చోలేక పీటకు బదులు ఎత్తుపీట ఒకటి చేయించుకుని, అదే గడప పక్కన వేసుకుని కూర్చునేది. ముక్కుకు బేసరి. నడుముకు తాళంచెవి.

వాసవి చేతి అందాజుతో వండే పిల్ల. ఉప్పు వేసేటప్పుడు చూడను కూడా చూడదు. పద్మావతమ్మకు అది కంపరంగా ఉండేది.

"అట్ల ఇసిరేస్తావేమే ఉప్పు? పుస్తకంలో ఏమి రాసినారో సూడు. ఒగ చెంచా అంటే ఒగ చెంచా."

"చూస్తానత్తా."

"ఆ కరివేపాకు ఎవురెయ్యమన్నారు? పుస్తకంలో ఉండాదా?"

"లేదత్తా."

"మరి ఎందుకేసినావు?"

ప్రతి పొద్దూ వాసవి వచ్చి, "ఈ పొద్దు ఏం వండల్లత్తా?" అని అడిగేది. పద్మావతమ్మ వెంటనే చెప్పేది కాదు. బేసరిని వేలితో తిప్పుకుంటూ, "పుస్తకం తెరువు. నలభయ్యో పేజీ తీసి చదువు" అనేది. అది కోడలు అప్పటికి ఎన్నోసార్లు వండిన వంకాయకూరే అయ్యేది.

ఒక శుక్రవారం పొద్దున పద్మావతమ్మ గడప దగ్గరికొచ్చి కూర్చునేసరికి పలక మీద పుస్తకం లేదు.

"పుస్తకం యాడ?"

"పూజగదిలో పెట్టినానత్తా" అంది వాసవి, చేతులు తుడుచుకుంటూ. "అట్టకు నూనె కారి, జిడ్డు పట్టి ఎట్లుండాదో చూసినారా? ఎంతైనా సరస్వతి గదా. గ్యాసుపొయ్యి కాడ పెడితే పాపం అనిపించింది. వ్యాసపీఠం ఊరికే పడుంటే తుడిచి, దాని మీద పెట్టి, కుంకుమ పెట్టినా. ఇంగ స్నానం చేసి ముట్టుకుంటే బాగుంటాది."

పద్మావతమ్మ నోరు తెరిచింది. ఏమని తిట్టాలి? దేవుడి దగ్గర పెట్టొద్దని తిట్టాలా? పిల్ల మొగం చూస్తే అమాయకంగానే ఉంది. నిజంగా అమాయకమో, హిందూపురం తెలివో, ఎవరు చెప్పగలరు?

వాసవి తడిగుడ్డ తీసుకుని ఖాళీ పలకను తుడవటం మొదలుపెట్టింది. ముందువైపు చిలకల మీద జిడ్డు తుడిచి, కట్ట మీదే దాన్ని అటు తిప్పింది. ఏళ్ల తరబడి పొగ పేరుకుని నల్లబడ్డ దిష్టి మొగం మీద తడిగుడ్డ పెట్టి రుద్దింది. మొదట గుడ్లు బయటికొచ్చినాయి. తర్వాత నాలుక. ముక్కు దగ్గర మసి వదలకపోతే, చింతపండు కొంచెం రాసి తోమింది. ఎర్రరాళ్లు ఒక్కొక్కటే మెరిసినాయి. చివర తెల్లని ముత్యం.

వాసవి వెనక్కి జరిగి చూసింది. బొమ్మను చూసింది, అత్తను చూసింది, మళ్లీ బొమ్మను చూసింది. రత్నమ్మను ఆ పిల్ల ఎన్నడూ ఎరగదు. ఆ ఇంట్లో బేసరి ఉన్న ముక్కు ఒక్కటే తెలుసు ఆమెకు.

"అయ్యో, ఇన్ని దినాలు నేను గమనించనే లేదు. అచ్చం మీ మాదిరే ఉండాదే! కూర్చోబెట్టి వేపిచ్చుకున్నారా అత్తా?"

పద్మావతమ్మ చెయ్యి దానంతట అదే ముక్కు మీదికి పోయింది. ఎర్రిస్వామి షెడ్డులో నిలబడి "కుడిపక్క" అని చెప్పింది తనే. గడపకు ఎదురుగా ఉండాలని నిలబెట్టింది తనే. అప్పుడు ఈ చోట ఎవరు కూర్చుంటారో తెలుసు కాబట్టి నవ్వుకుంది. ఎప్పటికీ వాళ్లే కూర్చుంటారా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నీకు బాగుంటాదని ముసలమ్మ నవ్విన నవ్వు ఇప్పుడు అర్థమైంది. ఏడేళ్లు ఆలస్యంగా, కోడలి ముందు. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు పట్టలేనంత కోపంగా మారింది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"అత్తా, పొద్దు పోతాంది. ఏం వండల్లో చెప్పండి."

"నన్నడుగుతావేమే? నీకు చేతులు లేవా, కళ్లు లేవా?" అని పద్మావతమ్మ ఒక్కసారిగా గొంతు చించుకుంది. "ప్రతిదీ నేనే చెప్పల్లనా? నీ ఇష్టమొచ్చింది వండుకో పో!"

అని లేచి, ఎత్తుపీటను బరబర ఈడ్చుకుంటూ నడవలోకి పోయింది. వంటింటికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చుంది.

నీ ఇష్టమొచ్చింది వండుకో. ఆ ఒక్క మాట తన అత్త నోట వినాలని ఆమె పన్నెండేళ్లు ఎదురుచూసింది. వినలేకపోయి ఒక పలక చేయించింది. వాసవికి అది ఒక తిట్టులో కలిసి ఉత్తినే దొరికింది. ఆ పిల్లకు దాని విలువ తెలిసినట్టు కూడా లేదు. అప్పటికే ఏదో పాట కూనిరాగం తీస్తూ చింతపండు నానబెడుతోంది.